బొమ్మకు కూడా స్పేర్ పార్టులా అంటున్నారు మా ఆయన

అనంతపురం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. భర్తకు పాతూరులో మోటార్ రివైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు కాలిపోతే తెచ్చి కట్టించుకుని పోయే రైతులే ఆయనకు గిరాకీ. ఆవిడ ఇంట్లో కుట్టుపని చేస్తారు. ఒక్కడే కొడుకు, ఇంటర్ మొదటి సంవత్సరం.

దసరాకు ఆవిడ తమ్ముడు మేనల్లుడికి రిమోట్‌తో నడిచే రేసు కారు తెచ్చి ఇచ్చారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆయనది. కారు అసలు బండిలో పదో వంతు సైజున్న, మట్టిలో పరుగెత్తే బగ్గీ రకం. బొమ్మే కదా అనుకున్నారు ఇంట్లో. ధర 22 వేలని తెలిశాక భర్త ముఖం మాడిపోయిందట. నవంబరులో పిల్లాడు మామతో బెంగళూరు వెళ్లి, ఒక ఆదివారం కొత్తవాళ్ల రేసులో దిగాడు. మొత్తం మూడు రౌండ్లు. మొదటి రౌండు రెండో ల్యాప్‌లోనే మలుపు దగ్గర పైపును గుద్దుకుని ముందు ఎడమ చక్రం వేలాడిపోయింది. విరిగింది వేలెడంత ప్లాస్టిక్ ముక్క. ఆ మోడల్ కారు అక్కడ ఇంకెవరి దగ్గరా లేదు. మిగిలిన రెండు రౌండ్లూ పిల్లాడు కుర్చీలో కూర్చుని చూశాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాత 31 రకాల విడిభాగాలతో ఒక లిస్టు రాసి అమ్మ చేతిలో పెట్టాడు. అన్నీ కలిపి 19 వేలు. మామేమో "అంత లెక్కలెందుకక్కా, ఇంకో కారు మొత్తం కొనేస్తా, కావాల్సినవి దాన్నుంచి ఊడదీసుకుంటాడు" అన్నారు. తండ్రి మాత్రం "బొమ్మకు కూడా స్పేర్ పార్టులా? నా కొడుక్కి కావాల్సింది నేను కొనలేనా, మీ తమ్ముడు కొనాలా?" అని లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి బావమరిది ఫోన్ చేస్తే ఆయన ఎత్తడం లేదు. జనవరి చివర్లో ఇంకో రేసు ఉంది. మధ్యలో సంక్రాంతి. పండక్కి తమ్ముడు వస్తాడో రాడో అని ఆవిడ టెన్షన్. పొదుపు సంఘంలో దాచుకున్న 4 వేలు ఆవిడ చేతిలో ఉన్నాయి. నిజంగా ఏవి అవసరం, తమ్ముడి డబ్బు తీసుకోవాలా వద్దా, చదువు చెడుతుందేమో కాబట్టి అసలు ఆపించాలా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

ఉత్తరంలో ఇంకో రెండు విషయాలు ఉన్నాయి. ఆవిడ వాటిని మాటల మధ్యలో రాశారు, నాకు మాత్రం అవే ముఖ్యంగా కనిపించాయి. "రాత్రి బ్యాటరీని మంచం కింద చార్జింగ్ పెట్టి పడుకుంటాడు, పొద్దునకి నిండి ఉంటుంది" అన్నది ఒకటి. "మొన్న రాత్రి ఆయన ఆ విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఇది నైలానా అని అడిగారు. జవాబు వినకుండానే పడుకున్నారు" అన్నది రెండోది.

అమ్మా,

మీ ప్రశ్నల జోలికి పోకముందే ఒక్క పని చేయండి. ఈ రాత్రి నుంచే ఆ బ్యాటరీని మంచం కింద చార్జింగ్ పెట్టనివ్వకండి. లిస్టు, రేసు, మీ తమ్ముడి ఫోను, ఇవన్నీ వారం ఆగినా ఏం కాదు. ఇది మాత్రం ఆగకూడదు.

బ్యాటరీ మీద ఏం రాసి ఉందో చూడండి. లైపో అనీ, 2ఎస్ అనీ, 7.4 వోల్టులనీ ఉంటే అది లిథియం పాలిమర్ రకం. లోపల రెండు సెల్లులు ఉంటాయి. నిండినప్పుడు ఒక్కో సెల్లు 4.2 వోల్టులు, రెండూ కలిపి 8.4. అది దాటి చార్జ్ ఎక్కినా, కారు గుద్దుకున్నప్పుడు బ్యాటరీ లోపల నలిగినా, సెల్లు వేడెక్కి ఉబ్బుతుంది. ఒక్కోసారి మంట అంటుకుంటుంది. పైన పరుపు, పక్కన దుప్పట్లు, ఇంట్లో అందరూ నిద్ర. మీవాడి కారు ఇప్పటికే ఒకసారి గట్టిగా గుద్దుకుంది కాబట్టి బ్యాటరీ ఎక్కడైనా ఉబ్బిందా, నొక్కుకుపోయిందా, వైర్ల దగ్గర తొడుగు చిట్లిందా అని మీ ఆయనను ఒకసారి చూడమనండి. ఉబ్బి ఉంటే దాన్ని ఇక వాడొద్దు, చార్జ్ కూడా పెట్టొద్దు.

అది 7.2 వోల్టుల నికెల్ రకమైతే ప్రమాదం తక్కువే. దాన్నైనా నిద్రపోతూ చార్జ్ పెట్టడం మంచి అలవాటు కాదు. చార్జర్‌లో రకం ఎంచుకునే మీట ఉంటే, లైపో బ్యాటరీని నికెల్ సెట్టింగ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. పెద్ద ప్రమాదాలు జరిగేది అక్కడే. మామూలుగా బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్ అని ఉంటే 5 ఆంపియర్ల లోపు, 3000 అని ఉంటే 3 ఆంపియర్ల లోపు చార్జ్ చేయాలి. అలా చేస్తే గంట, గంటంపావులో నిండిపోతుంది. కారుతో వచ్చిన చిన్న చార్జరైతే ఇంకొన్ని గంటలు ఎక్కువ పడుతుంది, అంతే. రాత్రంతా పెట్టాల్సిన పనే లేదు. సాయంత్రం వాడు పక్కనే కూర్చుని చదువుకుంటూ, వరండాలో బండ మీద, బట్టలకూ కర్టెన్లకూ దూరంగా పెట్టుకుంటే చాలు. మంటను తట్టుకునే సంచీ ఒకటి దొరుకుతుంది. లిస్టులో అది లేదు, మొట్టమొదట కొనాల్సింది మాత్రం అదే. వారాల తరబడి కారు నడపకపోతే బ్యాటరీని నిండుగానూ ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు. సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర, అంటే రెండిటికీ కలిపి 7.6 దగ్గర పక్కన పెట్టాలి. మీ ఆయన షాపులో మల్టీమీటర్ ఉంటుంది, చూడటం ఆయనకు క్షణం పని.

ఇప్పుడు మీ ఇంటి విషయానికి వస్తాను. మీ ఉత్తరం చదివితే నాకు రెండు తగవులు కనిపించాయి. ఏ ముక్కలు కొనాలి అన్నది ఒకటి. పిల్లాడి ఇష్టానికి ఇంట్లో ఎవరు పెద్ద దిక్కు అన్నది రెండోది. రెండూ ఒకే సాయంత్రం, ఒకే లిస్టు మీద మొదలయ్యాయి కాబట్టి ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. మొదటిది సులువుగా తేలేది. దాన్ని తేల్చుకుంటే రెండోదానికి కూడా దారి దొరుకుతుందని నా నమ్మకం.

మీ ఆయన అడిగిన "బొమ్మకు కూడా స్పేర్ పార్టులా" అన్న మాటకు జవాబు ఉంది. బజారులో దొరికే రిమోట్ కార్లలో చాలావాటికి ముక్కలు దొరకవు. విరిగితే పారేయడమే. మీ తమ్ముడు తెచ్చినది ఆ రకం కాదు. ఈ కార్లలో ప్రతి ముక్కకూ ఒక నంబరు ఉంటుంది, ప్రతి ముక్కా విడిగా అమ్ముతారు. వీటి ధరలో పెద్ద భాగం అందుకే. విరగడం, ఊడదీయడం, మళ్లీ బిగించడం ఈ ఆటలో భాగమే. రేసులో గుద్దుకుని ముక్క విరగ్గొట్టుకోవడం కొత్తవాడి తప్పేమీ కాదని మీవాడికి చెప్పండి. ఏళ్ల తరబడి నడిపేవాళ్లకూ విరుగుతాయి. వాళ్ల డబ్బాలో ఇంకోటి ఉంటుంది.

అయితే 31 రకాలు అక్కర్లేదు. ఒక ముక్క డబ్బాలో ఉండాలా వద్దా అని తేల్చడానికి నేను చూసేవి రెండు. అది విరిగితే ఆ రోజు ఆట ఆగిపోతుందా? ఆగిపోతే, ఆ ముక్క అనంతపురంలో ఆ పూటే దొరుకుతుందా? ఆట ఆపేది, ఊళ్లో దొరకనిది అయితేనే డబ్బు పెట్టి ముందుగా తెచ్చి పెట్టుకోవాలి. మీ 4 వేలు వాటికే. మిగతావన్నీ ఆగొచ్చు.

ఆ లెక్కన మొదటిది వాడికి విరిగినదే, ముందు సస్పెన్షన్ ఆర్మ్, అంటే చక్రాన్ని కారుకు కలిపి పైకీ కిందికీ ఆడనిచ్చే చేయి. కారు ఎక్కడ గుద్దుకున్నా ముందు మూలే ముందు తగులుతుంది. అందుకే ఎవరిని అడిగినా మొదట చెప్పే పేరు ఇదే. సాధారణంగా కుడీ ఎడమా జతగా అమ్ముతారు. ముందువి రెండు జతలు, వెనకవి ఒక జత ఉంటే కొత్తవాడికి నిశ్చింత.

లిస్టులో వాడు వీటినే అల్యూమినియంలో అడిగాడు. అడగడం సహజమే, మెరుస్తూ ఉంటాయి, విరగవని చెబుతారు. వద్దనే నా సలహా. ప్లాస్టిక్ ఆర్మ్ స్టార్టర్ డబ్బాలో ఫ్యూజు లాంటిది. అది పోతేనే లోపలిది మిగులుతుంది. ఆర్మ్ గట్టిదైతే ఆ దెబ్బ దాన్ని బిగించిన లోపలి పెట్టెకు, అక్కడి నుంచి ఛాసిస్‌కు, అంటే కారు అడుగు చట్రానికి పోతుంది. అవి ఖరీదైనవి, మార్చాలంటే సగం కారు విప్పాలి. పైగా అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, చక్రం ఒక పక్కకు లాగుతుంది. నైలాన్ వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది, వల్లకాకపోతే విరుగుతుంది. ఈ సంగతి మీ ఆయనకు చెప్పి చూడండి. ఇది నైలానా అని ఆయన అడిగినదానికి జవాబు అదే.

ఆర్మ్‌ను పట్టి ఉంచే సన్నటి ఉక్కు కడ్డీలు ఉంటాయి, హింజ్ పిన్నులు అంటారు. గుద్దుకున్నప్పుడు ఇవి కంటికి కనిపించనంత వంగుతాయి. ఆర్మ్ కొత్తది వేసినా పైకీ కిందికీ ఒదులుగా ఆడదు, కారు గతుకుల్లో ఎగురుతుంది, ఎందుకో అర్థం కాదు. తీసిన పిన్నును నున్నటి తాడిపత్రి బండ మీద దొర్లించి చూడమనండి. ఎగుడుదిగుడుగా దొర్లితే వంగినట్టే. ఒక సెట్టు కొని పెట్టుకోండి. వాటికి చివర సన్న క్లిప్పులు ఉండే మోడలైతే ఆ క్లిప్పులు కూడా. విప్పేటప్పుడు ఎగిరిపోయి మళ్లీ దొరకవు.

ఆ తర్వాత స్టీరింగ్ నకిల్. ముందు చక్రం బేరింగులు కూర్చునే ముక్క అది. దాన్ని పట్టుకుని ఉండే సీ ఆకారపు ముక్క ఇంకోటి. ఆర్మ్ విరగకపోతే ఈ రెండిట్లో ఒకటి విరుగుతుంది. ఒక్కో జత చాలు. చక్రాలను తిప్పే సన్న కడ్డీలను స్టీరింగ్ లింకులు అంటారు, వాటి చివర గుండ్రటి తలను పట్టుకుని ఉండే బాల్ కప్పులు ఒక ప్యాకెట్. అవి విరగడం కన్నా అరగడం ఎక్కువ, మన ఎర్రమట్టి దుమ్ములో నడిపితే ఇంకా తొందరగా అరుగుతాయి. వదులైతే పరుగు మధ్యలో లింకు ఊడి వస్తుంది.

గేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ డబ్బు పోయేది ఎక్కువగా బిగింపు సరిగ్గా లేక. మోటార్ షాఫ్టు మీద చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద ప్లాస్టిక్ గేరు స్పర్. రెండూ మరీ బిగుతుగా పెడితే మోటార్ వేడెక్కుతుంది, మరీ వదులుగా పెడితే స్పర్ పళ్లు ఊడిపోతాయి. సన్నటి కాగితం ముక్కను రెండు గేర్ల మధ్య పెట్టి, ఆనించి, మోటార్ స్క్రూలు బిగించి, కాగితం తీసేస్తే సరైన సందు వస్తుంది. స్పర్ గేరు ఒకటి డబ్బాలో ఉండాల్సిందే. దాన్ని అంటించి నడపలేం. పినియన్ విషయంలో, ఇప్పుడున్న దానికన్నా ఒకటో రెండో పళ్లు తక్కువున్నది కొనమనండి. చిన్న పినియన్ వేస్తే పైవేగం కొంచెం తగ్గుతుంది, మోటార్ మీద బరువు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. మార్చి దాటాక అనంతపురంలో మధ్యాహ్నం నడపాలంటే ఇది చాలా అవసరం. కొనేముందు పళ్ల కొలత ఒకటేనా, షాఫ్టు రంధ్రం సరిపోతుందా చూడాలి. 540 సైజు మోటార్లకు షాఫ్టు 3.17 మిల్లీమీటర్లు. పళ్ల కొలతలు మోడల్‌ను బట్టి రెండు మూడు రకాలు. కలవని గేర్లు తెస్తే అర నిమిషంలో స్పర్ పిండి అవుతుంది.

చిన్నవాటిని మరిచిపోకండి. చక్రం నట్లు, ఈ సైజు కార్లలో ఎక్కువగా 4 మిల్లీమీటర్ల నైలాక్ నట్లు, అంటే వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉండేవి. చక్రం వెనక ఉండే 12 మిల్లీమీటర్ల ఆరు పలకల హెక్స్ ముక్క, దానిలో ఉండే 2 మిల్లీమీటర్ల సన్న పిన్ను. ఈ పిన్ను మట్టిలో పడిందంటే వెతకడం దండగ. అది లేకపోతే మోటార్ తిరుగుతుంది, చక్రం తిరగదు. పైన బాడీని పట్టి ఉంచే క్లిప్పులు ఒక గుప్పెడు. రిమోట్‌కు వేసే పెన్సిల్ సెల్లులు ఒక కొత్త సెట్టు. ఇవి లేక రోజంతా పోగొట్టుకున్నవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

చాలా మోడళ్లకు ఇప్పటిదాకా చెప్పినవన్నీ మీ 4 వేలకు అటూ ఇటూగా వస్తాయి. కొంచెం మించేలా ఉంటే వెనక ఆర్మ్ జతను, రెండో ముందు జతను తర్వాతకు వాయిదా వేయండి.

ఊళ్లో దొరికేవి కొరియర్‌లో తెప్పించకండి. టైరు రిమ్ము నుంచి ఊడితే ఫెవిక్విక్ చాలు, రేసువాళ్లు వాడే టైరు జిగురు కూడా ఆ జాతిదే. 3 మిల్లీమీటర్ల ఎలన్ స్క్రూలు పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే ఇస్తారు. స్క్రూలు అదురుకు ఊడకుండా పట్టే నీలం రంగు థ్రెడ్ లాక్ ఆటోమొబైల్ షాపుల్లో ఉంటుంది. లోహంలోకి వెళ్లే స్క్రూలకే అది. ప్లాస్టిక్‌లోకి వెళ్లేవాటికి రాస్తే ప్లాస్టిక్ పెళుసై పగులుతుంది. వైర్లు కట్టే జిప్ టైలు ఒక కట్ట. బాడీ చీలితే లోపలి వైపు నుంచి వలలాంటి టేపు వేసి జిగురు పూస్తే ఇంకో సీజన్ వస్తుంది. వాడు అడిగిన కొత్త బాడీ ఇప్పుడు వద్దు. ఎల్‌ఈడీ లైట్లూ వద్దు.

పనిముట్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల ఎలన్ డ్రైవర్లు, చక్రం నట్టుకు 7 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్. చవకరకం ఎలన్ కీ రెండు రోజుల్లో స్క్రూ తలను గుండ్రంగా చేసేస్తుంది, ఆ తర్వాత ఆ స్క్రూ రాదు. ఇవి ఇప్పటికే మీ షాపులో ఉండొచ్చు. ఒకసారి చూసుకుని లేనివి మాత్రమే కొనండి.

లిస్టులో పెద్ద ఖర్చులు మిగిలాయి: బ్రష్‌లెస్ మోటారు, బేరింగుల సెట్టు, సర్వో, రెండో బ్యాటరీ. బ్రష్‌లెస్ మోటార్ స్పేర్ పార్టు కాదు, వేగం కోసం అడిగింది. దానికి స్పీడ్ కంట్రోలర్ కూడా, అంటే మోటార్‌కు కరెంటును అదుపు చేసి పంపే పెట్టెను కూడా మార్చాలి. వేగం పెరిగితే ఆర్మ్‌లు ఇంకా ఎక్కువ విరుగుతాయి. ఒక సీజన్ ఉన్న మోటార్‌తో నడపనివ్వండి. బేరింగుల్లో దుమ్ము చేరితే గరగరమంటాయి, కారు నెమ్మదిస్తుంది, కానీ ఆ పూట ఆట ఆగదు. పైగా అవి కొలతతో దొరికేవే. పదో వంతు కార్లలో ఎక్కువగా 5×11×4, 10×15×4 ఉంటాయి. రోజూ మోటార్లలో 6202, 6203 రకం బేరింగులు మార్చే మీ ఆయనకు ఇవి కొత్త లోకం కాదు. ఆయన ద్వారానే తెప్పించండి, తొందర లేదు.

సర్వో వేరే. అది చక్రాలను కుడికీ ఎడమకూ తిప్పే చిన్న పెట్టె. కొత్తవాళ్ల కార్లలో దాని లోపలి గేర్లు తరచుగా ప్లాస్టిక్‌వి. చక్రం దేనికైనా పక్కనుంచి తగిలితే పళ్లు పోతాయి, స్టీరింగ్ పనిచేయదు, ఆ రోజు అయిపోతుంది. ఊళ్లో దొరకదు. కాబట్టి నేను చెప్పిన రెండు ప్రశ్నల్లోనూ అది నెగ్గుతుంది. దాన్నీ కలిపితే మాత్రం ఖర్చు మీ 4 వేలు దాటిపోతుంది. కొనేటప్పుడు షాఫ్టు మీద ఎన్ని పళ్లున్నాయో చూసి, కారులో దానికి తగిలించి ఉన్న చిన్న చేతికి (కొమ్ము అంటారు) సరిపోయేదే తీసుకోవాలి. 23, 24, 25 పళ్లవి ఉంటాయి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. రెండో బ్యాటరీ ఉంటే హాయి. లేకపోయినా రౌండ్ల మధ్య గంటకు పైగా విరామం ఉంటే, చల్లారనిచ్చి ఉన్నదాన్నే మళ్లీ చార్జ్ చేసుకోవచ్చు. వేడిగా ఉన్న బ్యాటరీని మాత్రం చార్జర్‌కు తగిలించకూడదు.

ఇక మీ తమ్ముడి మాట.

ఇంకో కారు మొత్తం కొంటానన్నది పిచ్చి ఆలోచనేమీ కాదు. విడివిడిగా అన్ని ముక్కలూ కొంటే కారు ధరకు చాలా మించుతుంది, కాబట్టి లెక్కగా చూస్తే చవకే. మోటారు, సర్వో, రిమోట్‌తో సహా అన్నీ ఇంట్లోనే ఉంటాయి. కానీ అందులో ముందు ఆర్మ్‌లు ఒక్క జతే వస్తాయి. అవి రెండు ఆదివారాల్లో అయిపోతాయి. ఆ తర్వాత ఎప్పటికీ విరగని ముక్కల కుప్ప ఒకటి ఇంట్లో మిగులుతుంది, ముందు ఆర్మ్ మళ్లీ ఉండదు. ఇంకో 22 వేల వస్తువు మామ చేతి మీదుగా ఆ ఇంటికి వస్తే మీ ఆయన మనసులో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తమ్ముడి నుంచి పైసా తీసుకోకూడదని మీరు గట్టిగా అనుకోవచ్చు. అప్పుడు మీ ఆయన ఊరుకుంటారు, ఇంట్లో మాట పెరగదు. కానీ ఆ కారు ఇచ్చిందే మీ తమ్ముడు. మేనల్లుడితో ఆదివారం ట్రాక్ దగ్గర నిలబడటం ఆయనకూ ఇష్టంగా ఉన్నట్టుంది. చేతులు కట్టేస్తే ఆయన నొచ్చుకుంటారు, పిల్లాడు ఇద్దరి మధ్యా నలుగుతాడు. మామ ఫోన్ చేసినప్పుడల్లా గది తలుపు వేసుకోవడం మొదలవుతుంది.

మధ్యలో ఇంకో దారి ఉంది. విరిగే చిన్న ముక్కలు మీ డబ్బుతో. బిగింపు, సోల్డరింగ్, కొలతలు వాళ్ల నాన్నవి. మీ తమ్ముడి వంతు సర్వో ఒక్కటే, అదీ పండక్కి మేనమామ పెట్టే బహుమతిగా. దాంతో పాటు డబ్బు ఖర్చు కాని సాయం ఒకటి ఆయన చేయగలరు. ఆ ట్రాక్‌కు వచ్చే కొత్తవాళ్లు ఎక్కువగా ఏ మోడల్ నడుపుతున్నారో కనుక్కోవడం. పదిమంది దగ్గర ఉండే కారైతే ఒకరి డబ్బాలో లేనిది ఇంకొకరి డబ్బాలో దొరుకుతుంది, మన డబ్బా చిన్నదైనా సరిపోతుంది. మీవాడి కారు ఎవరి దగ్గరా లేనిది. ఇప్పటికి ఫర్వాలేదు. ముక్కలు తెప్పించుకోవడానికి నెలలు పడుతుంటే మాత్రం, వచ్చే ఏడాది దాన్ని అమ్మి అందరూ నడిపేది తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు. ఆ మాట ఇప్పుడే ఎత్తకండి. పిల్లాడికి మొదటి కారు అది.

ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే మీ ఆయన ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోరని మీరు అనుకుంటున్నారు. మీ ఉత్తరం చదివాక నాకు అంత నిరాశ కలగలేదు. పనికిరాని బొమ్మ అని తీసిపారేసిన మనిషి రాత్రి పూట ఆ ముక్కను చేతిలో పట్టుకుని అదేం పదార్థమని అడగరు. కొడుకు చేతిలో ఉన్నది మోటారు, గేరు, బేరింగు. ఆయన జీవితమంతా చేసిన పని అది. ఆ కారు గురించి ఇంట్లో ఎవరూ ఆయనను ఏమీ అడగలేదని నాకు అనిపిస్తోంది. మామ తెచ్చారు, మామ నేర్పారు, మామ రేసుకు తీసుకెళ్లారు. విరిగాక లిస్టు కూడా అమ్మ చేతికి వచ్చింది.

మీరు మధ్యవర్తిగా చెప్పి ఒప్పించవచ్చు. అలా చేస్తే ఆయన మీ కోసం ఊ అంటారు, మనసులో మిగిలింది అలాగే ఉంటుంది. పిల్లాడినే ఆయన దగ్గరికి పంపవచ్చు. డబ్బు అడగడానికి కాదు. "నాన్నా, బ్యాటరీ ఉబ్బిందో లేదో చూస్తావా, వోల్టేజీ ఎంతుందో చెప్తావా" అని షాపుకు తీసుకెళ్లమనండి. వాడి వయసులో నాన్నను అడగడం కష్టంగా ఉండొచ్చు. ఆయన మొదటిసారి విసుక్కోవచ్చు కూడా. గిరాకీ ఉన్న పూట వద్దు, సాయంత్రం షట్టరు దించే వేళకు వెళ్లమనండి. మీరు పక్కన ఉండకండి. ఆయన అప్పుడూ కాదంటే బలవంతం చేయొద్దు. బ్యాటరీ సంగతి మాత్రం మీరే పట్టించుకోండి, మిగతాది ఇంకో నెల ఆగనివ్వండి. జనవరి రేసు పోతే పోతుంది, పరీక్షలయ్యాక ఇంకోటి వస్తుంది.

తమ్ముడికి మీరే ఫోన్ చేయండి. "కారు వద్దురా, సర్వో ఒకటి తీసుకురా, మీ బావను అడిగి ఏ రకమో తెలుసుకుని కొను" అనండి. బావను అడగమన్న మాట తప్పకుండా చెప్పండి. మీ ఆయన ఫోన్ ఎత్తకపోతే మెసేజ్ పెట్టమనండి. పళ్లు ఎన్నో లెక్కపెట్టి చెప్పాల్సింది మీ ఆయనే అవుతారు.

చదువు గురించి మీ భయం నాకు అర్థమైంది. వాడు రాత్రుళ్లు కారు విప్పి పెట్టుకుని కూర్చుంటాడని రాశారు. ఆపించేస్తే చదువులో పడతాడన్న నమ్మకం నాకు లేదు, ఆ తీరిక ఫోన్‌కు పోవచ్చు. అలాగని హద్దు లేకుండా వదలమనడం లేదు. రేసు తర్వాత కొద్ది వారాల్లోనే పరీక్షలు. జనవరి రేసు అయ్యాక బ్యాటరీని 7.6 దగ్గర ఆపి, కారును తుడిచి, డబ్బాలో పెట్టి పరీక్షలయ్యేదాకా తీయనని ముందే మాట తీసుకోండి. రేసుకు పంపేముందు తీసుకున్న మాటకు విలువ ఉంటుంది, తర్వాత అడిగితే గొడవ అవుతుంది. వేసవిలో మళ్లీ తీసినప్పుడు బ్యాటరీని ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టుకుని తిరగొద్దని చెప్పండి. మన ఊళ్లో మే నెలలో ఆ డిక్కీ లోపల ఉండే వేడి దానికి పడదు.

ఆర్డర్ పెట్టే పని వాడికే ఇవ్వండి. కారుతో వచ్చిన పుస్తకంలో అన్ని ముక్కలూ విడదీసి చూపించే బొమ్మ ఉంటుంది, పక్కన పార్ట్ నంబర్లు ఉంటాయి. పేరు చూసి కొనకూడదు, నంబరు చూసి కొనాలి. ఒకే పేరుతో పాత కారు, కొత్త కారు ఉంటాయి, ఒకదాని ఆర్మ్ ఇంకోదానికి పట్టదు. మన దేశంలో స్టాకు ఉన్న షాపు దగ్గరే తీసుకోమనండి. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి వారాలు పడుతుంది, జనవరికి అందదు. పండగ రోజుల్లో కొరియర్లు ఎలాగూ ఆలస్యమే, కాబట్టి భోగికి పది రోజుల ముందే ముక్కలు ఇంట్లో ఉండేలా చూసుకోండి. వచ్చిన ముక్కను వచ్చిన రోజే కారుకు పెట్టి చూడమనండి. సరిపోకపోతే మార్చుకోవడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది.